వచ్చే నెల మణిశంకర్ గారింట్లో

మణిశంకర్‌కి ఒకచోట కూర్చుని మాట్లాడటం చేతకాదు. ఇంటర్మీడియట్ కాలేజీలో లెక్కలు చెప్పి చెప్పి, నోరు తెరిస్తే కాళ్ళు కదలటం అలవాటైపోయింది. శనివారం సాయంత్రం సమాజం మీటింగు మొదలవగానే ఫోను కిటికీ గూట్లో నిలబెట్టి, బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ చెవిలో పెట్టుకుని, ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతూ మాట్లాడేవాడు. తెర మీద ఒకసారి కనిపించి మాయమై, మళ్ళీ కనిపించేవాడు. మొదట్లో చూసేవాళ్ళకి నవ్వొచ్చేది. తర్వాత అదే బాగుందనిపించింది.

సమాజం అంటే రాజమండ్రిలోని ఉపాసనా సమాజం. తాతల కాలంలో కొందరు ప్లీడర్లూ మేష్టర్లూ కలిసి కట్టుకున్న చిన్న హాలు. లోపల విగ్రహం ఉండదు. హారతి, తీర్థం, శఠగోపం ఏవీ ఉండవు. నాలుగు వరసల బల్లలు, ఓ హార్మోనియం, అంతే. ఆడామగా, ఏ కులం వాళ్ళైనా ఒకే బల్ల మీద కూర్చుని ప్రార్థన పాడుకుంటారు. ఆపైన ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడతారు, మిగతావాళ్ళు అడ్డుప్రశ్నలు వేస్తారు. ఒకప్పుడు ఊళ్ళో పెద్దవాళ్ళు తమ పిల్లల్ని ఆ వీధిలోకి వెళ్ళనిచ్చేవాళ్ళు కాదట. రానురాను భయపడేవాళ్ళూ లేకుండా పోయారు, వచ్చేవాళ్ళూ తగ్గిపోయారు.

కరోనా వచ్చి హాలుకి తాళం పడ్డప్పుడు దాని కార్యదర్శి ఉదయ్‌కుమార్‌కి ఏం చేయాలో తోచలేదు. రిటైరైన పోస్టుమాస్టరాయన. ఇంట్లో మనవడు ఫోన్లో లెక్కల పాఠం వింటుంటే పక్కన కూర్చుని ఆయనా విన్నాడు. ఆ పాఠం చెబుతున్నది మణిశంకర్. ఆ రోజే ఫోన్ చేసి, ఇలాంటిది మా ముసలివాళ్ళకి కూడా ఏర్పాటు చేసిపెట్టగలరా మాస్టారూ అని అడిగాడు. మణిశంకర్ సరేనన్నాడు. లింకు పంపటం, వచ్చినవాళ్ళని లోపలికి తీసుకోవటం, మైకు ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పటం, మొదట్లో అతని పని అదే. ఓ శనివారం మాట్లాడాల్సిన ఆయన ఇంట్లో కరెంటు పోయింది. అందరూ ఎదురుచూస్తూ ఉంటే ఖాళీ ఎందుకని మణిశంకర్ నాలుగు ముక్కలు చెప్పాడు. ఆ నాలుగు ముక్కలతో దొరికిపోయాడు. లాక్‌డౌన్ పోయి హాలు మళ్ళీ తెరిచాక కూడా, దూరం వాళ్ళు చాలామంది చేరారని, శనివారం సభ ఫోన్లలోనే ఉంచేశారు. అప్పటికి సమాజంలో అందరూ వినాలనుకునే గొంతు మణిశంకర్‌దే.

అతనికి అక్కడ అన్నిటికన్నా నచ్చింది ఉదయ్‌కుమార్ పెట్టిన ఒక నియమం. తెర మీద పేరు మాత్రమే ఉండాలి, ఇంటిపేరు ఉండకూడదు. మణిశంకర్ పుట్టింది కోనసీమలో పేరుమోసిన పురోహితుల ఇంట్లో. ఎక్కడికి వెళ్ళినా ఫలానా శాస్త్రిగారి అబ్బాయి. తండ్రి పోయాక కొవ్వూరులో స్థిరపడి, గోదావరి దాటి రాజమండ్రి కాలేజీకి వెళ్ళొస్తున్నా ఆ మాట వదల్లేదు. తెర మీద మాత్రం అందరివీ ఒకే కొలత గళ్ళు. కోరుకొండ దగ్గర సొంత పొలం తనే దగ్గరుండి చేయించుకునే వీరవేణి మోటారు షెడ్డులో నుంచి మాట్లాడేది. కొవ్వూరుకి ఇవతల ఓ పల్లెటూరి హైస్కూల్లో సైన్సు మాస్టారు సాల్మన్, ఆదివారం పొద్దున్న చర్చికి, శనివారం సాయంత్రం సమాజానికి. ఆ రెంటికీ పేచీ ఏమిటో తనకి అర్థం కాదనేవాడు.

ఒక శనివారం విషయం, పంక్తి భోజనం. మణిశంకర్ ఆ రోజు రెచ్చిపోయి మాట్లాడాడు. పక్కవాడి విస్తరి చూసి లేచిపోయేవాడు ఎన్నేళ్ళు ప్రార్థన చేసినా ఇంకా మొదలుపెట్టనట్టే అన్నాడు. తలుపులు వేసుకుని తినేవాడికి దేవుడు కూడా బయటే నిలబడతాడన్నాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఎవరో ఆ ముక్క కత్తిరించి వాట్సాప్‌లో తిప్పారు.

సాల్మన్ అంతా విని మైకు తెరిచాడు. "మాట బావుందండి మాస్టారూ. మరి మనం ఒకళ్ళింట్లో ఒకళ్ళం ఎప్పుడు తింటాం?"

నవ్వుతూనే అడిగాడు. ఉదయ్‌కుమార్ మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. నెలకో ఆదివారం ఒకరింట్లో భోజనం, దగ్గర్లో ఉన్నవాళ్ళు వెళ్ళాలి, దూరం వాళ్ళు ఫోన్లోంచి చేరాలి. మొదటిది వీరవేణి ఇంట్లో జరిగింది. ఆవిడ అందరికీ పెట్టి, తినకపోతే ఊరుకోనని వెంటపడి మరీ వడ్డించింది. రెండోది సాల్మన్ ఇంట్లో.

ఆ ఆదివారం మణిశంకర్ తల్లి మాణిక్యాంబతో హాల్లో మీటింగుందని చెప్పి స్కూటర్ తీశాడు. సాల్మన్ ఇల్లు చర్చి పక్క వీధిలో, నాపరాళ్ళ గచ్చు, వాకిట్లో బంతి మొక్కలు. అతని భార్య పాపాయి మితభాషి. వంకాయ కూర, మామిడికాయ పప్పు, పెరుగు. మణిశంకర్ మారు అడిగి వడ్డించుకున్నాడు. అతని కోసం ఉల్లీ వెల్లుల్లీ తగలకుండా, కొత్త గిన్నెలు తెచ్చి పాపాయి విడిగా వండిందని తర్వాత వీరవేణి అతని చెవిలో చెప్పింది. ఆ మాటకి మణిశంకర్‌కి ఏదోలా అయింది. దూరం వాళ్ళు కనిపించేలా ఫోను బల్ల మీద పెట్టి, ఇయర్‌ఫోన్స్ తగిలించుకుని అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడాడు.

తిరిగొస్తూ కొవ్వూరులోకి వచ్చాక స్కూటర్ ఇంటి వైపు తిరగలేదు. గోష్పాద రేవు వైపు తిరిగింది. ఎండ మండిపోతోంది, ఒళ్ళంతా చెమట. ఓ మునక వేస్తే హాయిగా ఉంటుందనుకున్నాడు. చొక్కాతోనే మెట్లు దిగి మునిగాడు. లేచేటప్పుడు చేతులు వాటంతటవే దోసిలిపట్టి నీళ్ళు వదిలాయి, పెదవులు చిన్నప్పుడు నేర్చుకున్న మంత్రం పలికాయి. అప్పుడు తెలిసొచ్చింది తనేం చేస్తున్నాడో. చుట్టూ చూశాడు. ఎవరూ తనని పట్టించుకోలేదు. ఎండగా ఉంది కదా అని మళ్ళీ తనకి తనే చెప్పుకున్నాడు. నిజంగానే ఎండగా ఉంది.

ఇంటికెళితే అరుగు మీద కూర్చున్న మాణిక్యాంబ తడి బట్టలు చూసి, "గోదాట్లో మునిగొచ్చావా? మంచిపని చేశావు" అంది. కొడుకు ఎక్కడ తినొచ్చాడో ఆవిడకి తెలియదు. ఆ మాట మాత్రం అతనికి ముల్లులా దిగబడిపోయింది.

అప్పటినుంచి అతనికి కుదురు పోయింది. క్లాసులో బోర్డు మీద లెక్క సగంలో ఆపి కిటికీలోంచి చూస్తూ నిలబడేవాడు. పిల్లలు సార్ అంటే ఉలిక్కిపడేవాడు. ఇంట్లో పేపరు తీసి, పెట్టి, మళ్ళీ తీసేవాడు. భార్య హరిచందన ఓ ప్రైవేటు స్కూల్లో టీచరు. ఏమైందండీ అని రెండు మూడుసార్లు అడిగి ఊరుకుంది.

అదే వారం సమాజం గ్రూపులో ఉదయ్‌కుమార్ ప్రకటన పెట్టాడు. వచ్చే నెల మణిశంకర్ గారింట్లో.

మాణిక్యాంబ మడి మనిషి. వంటింట్లో ఓ మూల ఆవిడ పొయ్యి వేరు, గిన్నెలు వేరు, ఆరేసిన మడిబట్ట మీద పిల్లి తగిలినా మళ్ళీ తడపాల్సిందే. ఈ సంగతి తల్లితో ఎలా చెప్పాలి అని మొదలుపెట్టిన ఆలోచన కాస్తా, ఎలా చెప్పకుండా దాటాలి అన్న దగ్గరకి చేరింది. భోజనాలు కొవ్వూరులో ఏదైనా హోటల్లో పెట్టుకుందామన్నాడు. ఇంట్లో అయితేనే దానికి అర్థం అన్నాడు ఉదయ్‌కుమార్. కాలేజీలో పరీక్షలున్నాయన్నాడు. ఆదివారం కూడానా అని అడిగింది వీరవేణి. చివరికి అమ్మకి ఒంట్లో బాగోలేదని, ఆయాసమని, డాక్టరు ఇంట్లో సందడి వద్దన్నాడని రాసేశాడు. రాసి పంపాక కాసేపు ప్రాణం తెరిపిన పడింది. ఆ తెరిపి ఎంతోసేపు లేదు. గ్రూపులో అందరూ అమ్మగారు త్వరగా కోలుకోవాలని ప్రార్థిస్తున్నామని పెట్టటం మొదలుపెట్టారు. ఆ శనివారం సభలో ఆవిడ కోసం ప్రత్యేకంగా ప్రార్థన పాడారు. మణిశంకర్ వీడియో ఆపేసి, పాట అయ్యేదాకా పెరట్లో తిరిగాడు. అవతలి గదిలో మాణిక్యాంబ దిట్టంగా పప్పు రుబ్బుకుంటోంది.

తర్వాత రెండు రోజులకి కాలేజీ నుంచి వచ్చేసరికి ఇంటి ముందు మోటారుసైకిలు ఉంది. ముందు గదిలో సాల్మన్, వీరవేణి. పక్కన గెలతో సహా కొబ్బరిబోండాలు. ఎదురుగా తన కుర్చీలో మాణిక్యాంబ నిటారుగా కూర్చుని ఉంది. హరిచందన ఇంకా స్కూలు నుంచి రాలేదు.

"ఏరా శంకరం, నాకు ఆయాసమని చెప్పావుట" అంది తల్లి. "పాపం ఎండలో పడి బోండాలు మోసుకొచ్చారు."

మణిశంకర్ చెప్పులు విప్పబోయి మళ్ళీ తొడుక్కున్నాడు. వీరవేణి చీర కొంగు సర్దుకుంటూ నేలచూపులు చూస్తోంది. వాళ్ళు భోజనాల సంగతంతా అప్పటికే ఆవిడకి చెప్పేశారని అర్థమైంది.

మాణిక్యాంబ సాల్మన్ వైపు తిరిగింది. "నేను మీ పంక్తిలో కూర్చోను నాయనా. మీరనే కాదు, నా కోడలు వండింది కూడా నేను తినను. అది నా మడి. నేను మానుకోను. కానీ ఈ ఇల్లు నా ఒక్కదానిదీ కాదు. వాళ్ళు పిలుచుకుంటే నేను అడ్డం పడతానని ఎవరన్నారు? వీడు నన్నో మాట అడిగాడా?"

సాల్మన్ నెమ్మదిగానే అన్నాడు. "మొహం మీద చెప్పారు, సంతోషమండి. నేనూ మొహం మీదే చెప్తాను. ఆ మడే మా తాతల్ని ఊరి బయట ఉంచింది. మీకది మీ ఒక్కరి నియమంలా కనపడుతుంది. మాకు అలా కనపడదు."

మాణిక్యాంబ మొహం బిగుసుకుంది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు మణిశంకర్. ఆవిడ లేవలేదు. "ఎవరూ నాతో ఇలా అనలేదు" అంది చివరికి. ఒప్పుకుంటున్నట్టూ లేదు, కోపమూ లేదు. ఆ తర్వాత వీరవేణిని పొలం గురించి అడిగింది.

వాళ్ళు లేచాక మణిశంకర్ వీధిలోకి వచ్చాడు. వీరవేణి ఎదురింటావిడ పలకరిస్తే అటు వెళ్ళింది. సాల్మన్ జేబులోంచి మడతపెట్టిన ఇయర్‌ఫోన్స్ తీసి మణిశంకర్ చేతిలో పెట్టాడు. అవి పోయాయనుకుని మణిశంకర్ కొత్తవి కొనుక్కున్నాడు.

"ఆ రోజు మా ఇంట్లో మర్చిపోయారండి" అన్నాడు సాల్మన్. "ఇచ్చేద్దామని వెనకాలే బండేసుకుని వచ్చాను. మీరు రేవులోకి దిగుతున్నారు. పైనుంచి చూసి వెళ్ళిపోయాను."

మణిశంకర్ వాటిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "బాగా ఎండగా ఉందని..." అని ఆపేశాడు.

"ఎండగానే ఉందండి ఆ రోజు."

"అంతా చూసి కూడా మళ్ళీ మా ఇంటికి ఎందుకొచ్చారు?"

"అమ్మగారికి బాగోలేదన్నారు కదా. అదైనా నిజమేమో అనుకున్నాను." సాల్మన్ బండి స్టాండు తీశాడు. "మీరు మాట్లాడుతుంటే మా ఆవిడ వంట ఆపి వచ్చి వినేదండి. రేవు సంగతి ఆవిడకి చెప్పలేదు. చెప్పను కూడా."

హరిచందన వచ్చేసరికి మణిశంకర్ పెరట్లో నూతి చుట్టూ తిరుగుతున్నాడు. ఆవిడ సంచి కింద పెట్టకముందే అంతా చెప్పేశాడు. సమాజం నుంచి తప్పుకుంటానన్నాడు. ఇక ఏ మొహం పెట్టుకుని మాట్లాడతానన్నాడు. హరిచందన అతన్ని ఓదార్చలేదు. కాళ్ళు కడుక్కుని వచ్చి, మెట్టు మీద కూర్చుంది.

"మానేస్తే మీకు తేలిగ్గా ఉంటుంది" అంది. "ఇన్నాళ్ళూ మీ మాటలు నేను వంటింట్లోంచి విన్నాను. ఒక్కసారి కూడా నువ్వేమంటావని నన్నడగలేదు. పాపాయి గారు మీ కోసం కొత్త గిన్నెల్లో వండి పెట్టారు. ఆవిడకి నేను భోజనం పెట్టాలి. మీరు ఉంటారో, ఎటైనా వెళతారో మీ ఇష్టం."

ఆ శనివారం తెర మీద కొత్త గడి వచ్చింది, హరిచందన అని. లోపలికి తీసుకోవాల్సింది మణిశంకరే. ముందు గదిలో నిలబడి, వంటింట్లో ఉన్న భార్యని ఫోన్లోంచి లోపలికి తీసుకున్నాడు. ప్రార్థన అయ్యాక ఆవిడ మైకు తెరిచి, మా అత్తగారు గుండ్రాయిలా ఉన్నారండి, ఆవిడకి ఏ జబ్బూ లేదు, నెలాఖరు ఆదివారం అందరూ మా ఇంటికి భోజనానికి రండి అని చెప్పి మళ్ళీ మూసేసింది. జబ్బు మాట ఎలా పుట్టిందో ఎవరూ అడగలేదు. ఆ అడక్కపోవటం మణిశంకర్‌ని అడిగినదానికన్నా ఎక్కువగా కుదిపేసింది. అప్పుడు తనే, ఆ అబద్ధం నేనే ఆడానండి అన్నాడు.

ఆదివారం రానే వచ్చింది. చావట్లో చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. ఉదయ్‌కుమార్ పంచెకట్టుతో, వీరవేణి బుట్టెడు తోటకూరతో వచ్చారు. సాల్మన్ వస్తాడో రాడోనని మణిశంకర్ వీధిలోకీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాడు. వచ్చాడు. వెనక పాపాయి. హరిచందన ఎదురెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుని తిన్నగా వంటింట్లోకే తీసుకెళ్ళింది. తన పొయ్యి దగ్గర పీట వేసి, చారు ఉప్పు సరిపోయిందో లేదో చూడమంది. మాణిక్యాంబ తన మూల పొయ్యి మీద తన అన్నం తను దించుకుని, గిన్నె పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. తలుపు మాత్రం వేసుకోలేదు. తినటం అయ్యాక గడప లోపల పీట వేసుకుని కూర్చుని, వీళ్ళు తింటున్నంతసేపూ ఎవరికి ఏం అయిపోయిందో చూసి కోడలికి చెబుతూ ఉంది.

మణిశంకర్ వడ్డించాడు. ఆ రోజు ఉపన్యాసం లేదు. భోజనాలయ్యాక అతను వంగి సాల్మన్ విస్తరి తీయబోయాడు. సాల్మన్ విస్తరి అంచు మీద చెయ్యి పెట్టి ఆపాడు.

"వద్దండి. ఎవరిది వాళ్ళం తీసుకుందాం."

మాట మెత్తగానే ఉంది. మణిశంకర్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వాళ్ళు వెళ్ళాక చాపలు దులిపి చుట్టాడు. దేని గురించి అంత ఆరాటపడ్డాడో అది జరిగిపోయింది. ఆరాటం మాత్రం తగ్గలేదు.

ఆ తర్వాత ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. మరుసటి శనివారం మాణిక్యాంబ ముందు గదిలోకి వచ్చి, ఆ రోజు సాల్మన్ అన్నదానికి తను చెప్పాల్సింది ఉందని, ఫోను తన ముందు పెట్టమని అడిగింది. సమాజంలో ఇన్నేళ్ళుగా అడ్డుప్రశ్నలు వేసినా చివరికి అందరూ ఒకరి మాటకి ఒకరు తల ఊపటమే. ఎదురు చెప్పే మనిషి దొరకటం అదే మొదటిసారి. మడి అంటే శుచి అని, ఎవరినీ తక్కువ చేయటానికి కాదని ఆవిడంది. తక్కువ అయినవాళ్ళని అడక్కుండా అది ఎలా తేల్చారని సాల్మన్ అన్నాడు. ఆవిడ తన అత్తగారి కథ చెప్పింది. అతను తన నాయనమ్మ కథ చెప్పాడు, నూతి దగ్గర ఎవరైనా వచ్చి నీళ్ళు పోసేదాకా కడవ పెట్టుకుని నిలబడిన కథ. ఆ కథకి జవాబు వచ్చే వారం చెబుతానంది మాణిక్యాంబ. వచ్చే వారమూ చెప్పలేదు, వేరే విషయం ఎత్తింది. సాల్మన్ ఊరుకోకుండా మళ్ళీ ఆ కడవ దగ్గరకే తీసుకొచ్చాడు. ఆవిడ తన మడి మానలేదు. మీటింగూ మానలేదు.

మణిశంకర్ మాత్రం మాట్లాడటం తగ్గించేశాడు. లింకు పంపటం, వచ్చినవాళ్ళని లోపలికి తీసుకోవటం, మళ్ళీ మొదటి పనే. సాల్మన్‌తో మీటింగు మాటలు తప్ప విడిగా మాట్లాడలేదు. ఫోను చేద్దామని పేరు దాకా వెళ్ళి ఆగిపోయేవాడు.

వానలు పడుతున్న ఒక శనివారం సాల్మన్ రాలేదు. ప్రార్థన అయిపోయింది. మాణిక్యాంబ ఎవరితోనూ వాదన పెట్టుకోకుండా కూర్చుంది. కాసేపటికి, "ఆ సాల్మన్ రాలేదేం? కనుక్కో" అంది కొడుకుతో.

మణిశంకర్ అరుగు మీదకి వచ్చి ఫోను కలిపాడు. వాన చప్పుడులో చాలాసేపు మోగింది.

"చెప్పండి మాస్టారూ" అన్నాడు సాల్మన్.

"అమ్మ అడుగుతోందండి. రాలేదేమని."

"పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నాను." అవతల పేపర్లు పక్కన పెట్టిన చప్పుడైంది. "అమ్మగారే అడిగారా?"

మణిశంకర్ చూరు నుంచి కారుతున్న నీళ్ళ వైపు చూశాడు. "నేనూ అడుగుతున్నాను. రేవులో మీరు చూసింది నిజమే. ఎండ వల్ల కాదు. ఇంకోసారి అలా జరగదని కూడా గట్టిగా చెప్పలేను. అది చెప్పాలని ఎన్నాళ్ళ నుంచో..."

సాల్మన్ పాపాయిని పిలిచి, దీపం ఇటు పెట్టమని చెబుతున్నట్టు దూరంగా వినిపించింది.

"సరేనండి" అన్నాడు తర్వాత. "ఇంకో రెండు పేపర్లున్నాయి. దిద్దేసి వస్తాను."

లోపలికి వచ్చి ఆ మాట తల్లికి చెప్పాడు. రెండు పేపర్లకి ఎంతసేపు పడుతుందని ఆవిడ అడిగింది. లెక్కల పేపరైతే చెప్పగలను గానీ, సైన్సుది నాకు తెలియదన్నాడు మణిశంకర్.